పిల్లి వాటా తీయాల్సింది మసాలా పట్టించకముందే: ఏం పెట్టకూడదు, పెడితే ఎలా పెట్టాలి, తినేస్తే ఏం చేయాలి

"కొంచెం కూరన్నం పెడితే ఏమవుతుందండీ, మా ఊళ్లో పిల్లులన్నీ అదే తిని బతకలేదా?" పిల్లి తిండి గురించి ఏం రాసినా తిరిగి వచ్చే ప్రశ్న ఇదే. ఊళ్లో పిల్లి ఎలుకల్ని పట్టుకుని తినేది, మనం వేసే కూరన్నం పైపైన. అది ఏ గడ్డివాము వెనకో చచ్చిపోతే ఎందుకు చచ్చిందని అడిగినవాడూ లేడు. ఫ్లాట్‌లో పెరిగే పిల్లికి ఎలుకలు లేవు, మనం పెట్టిందే తిండి. అందుకే ఏం పెడుతున్నామో లెక్క ఉండాలి.

ఇంటర్నెట్‌లో దొరికే జాబితాలన్నీ చాక్లెట్‌తో మొదలవుతాయి. నన్నడిగితే మన ఇళ్లల్లో చాక్లెట్ పెద్ద సమస్యే కాదు. పొయ్యి మీద రోజూ ఉడికే కూరే సమస్య. కాబట్టి ఇక్కడ క్రమం కూడా మన వంటింటి క్రమమే.

1. ముందు మీ పిల్లి గురించి మూడు విషయాలు రాసి పెట్టుకోండి

వంటింట్లోకి వెళ్లే ముందు పది నిమిషాల పని ఉంది. ఇది చేసి ఉంచితే రేపు ఏదైనా అయినప్పుడు టెన్షన్ సగం తగ్గుతుంది.

- బరువు. పిల్లిని ఎత్తుకుని వెయిట్ మెషీన్ ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి, తీసివేయండి. ఏ విషానికైనా డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే.
- చిగుళ్ల రంగు. పై పెదవి కొంచెం ఎత్తి, మంచి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గులాబీ రంగులో ఉండాలి. కొన్నిటికి నల్ల మచ్చలుంటాయి, మచ్చ లేని చోటు చూసుకోండి.
- నిద్రలో శ్వాస. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి, నిమిషానికి ఎన్నో లెక్కపెట్టండి. మామూలుగా 30 లోపు ఉంటుంది.

ఇంకో పని, అసలు కష్టమైన పని: ఇంట్లో ఎవరెవరు ఏం పెడుతున్నారో కనుక్కోవడం. మీరు పెట్టరు. పిల్లలు కంచం కింద నుంచి పెడతారు, నానమ్మ "దిష్టి తగులుతుంది, నోరు కట్టేస్తామా" అని చివరి ముద్ద పెడుతుంది, పనమ్మాయి గిన్నెలు తోమే ముందు మిగిలిన ఎముకలు వేస్తుంది. ఎవర్నీ కోప్పడకుండా అడగండి, లేకపోతే చాటుగా పెడతారు, అది ఇంకా ప్రమాదం. "మీరు పెట్టొద్దు" అనేకంటే "పెట్టాలనిపిస్తే ఈ డబ్బాలోది పెట్టండి" అంటే వింటారు. ఆ డబ్బా సంగతి 3లో చెప్తాను.

2. ఉల్లి, వెల్లుల్లి: మిగతావన్నీ దీని తర్వాతే

ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉల్లికాడలు. వీటిలోని గంధక పదార్థాలు పిల్లి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, కణాలు పగిలిపోతాయి, రక్తహీనత వస్తుంది. పిల్లి రక్తకణాలు ఈ దెబ్బకి కుక్కలకంటే కూడా తొందరగా లొంగిపోతాయి. పచ్చిదైనా, వేయించినా, ఉడికించినా, పొడి చేసినా గుణం పోదు. పొడి అయితే నీరంతా పోయి చిక్కబడుతుంది కాబట్టి ఇంకా ఘాటు. వెల్లుల్లి ఉల్లికంటే కొన్ని రెట్లు ఎక్కువ.

ఎంత తింటే ప్రమాదం? కిలో బరువుకి 5 గ్రాముల ఉల్లిపాయ చాలు. 4 కిలోల పిల్లికి 20 గ్రాములు, అంటే ఒక మామూలు ఉల్లిపాయలో అయిదో వంతు. ఒక్కసారే తినక్కర్లేదు, రోజూ కొంచెం గ్రేవీ నాకినా దెబ్బ పేరుకుంటుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మ చాలా జాగ్రత్తపరురాలు, కారం తగలకూడదని కూరలోంచి చికెన్ ముక్క తీసి కుళాయి కింద కడిగి మరీ పెట్టేది. ముక్క తెల్లగా కనిపించేది, గుండుగాడు (మా పిల్లి) మూతి నాక్కుంటూ తినేవాడు. ఆదివారం రెండు పూటలా తిన్నాడు. సోమవారం ఫ్రిజ్ ఎక్కి దూకుతూనే ఉన్నాడు. బుధవారం మంచం కిందకి వెళ్లి పిలిస్తే రాలేదు. బయటికి లాగి పెదవి ఎత్తితే చిగుళ్లు కాగితంలా ఉన్నాయి. డాక్టర్ రక్తపరీక్ష చూసి అడిగిన మొదటి మాట, "ఉల్లిపాయ ఏమైనా తిన్నాడా?" మేం గట్టిగా లేదన్నాం. ఇంటికొచ్చాక గానీ కుళాయి గుర్తు రాలేదు.

కడిగితే పోయేది పైన ఉన్న కారమే. అల్లం వెల్లుల్లి పేస్ట్ పట్టించి గంట నానబెట్టిన ముక్కలో రసం లోపలికి దిగిపోయి ఉంటుంది.

ఉల్లి, వెల్లుల్లి మనకి తెలియకుండా దాక్కునే చోట్లు:

- బిర్యానీలో వేయించిన ఉల్లి, పక్కన ఇచ్చే సాలన్, రైతా
- హలీం (మాంసం, నెయ్యి వాసనకి పిల్లి పిచ్చెక్కిపోతుంది)
- చేపల పులుసు, రసం, పప్పు పోపు
- ఆవకాయ, వెల్లుల్లి కారం, నాన్‌వెజ్ పచ్చళ్లు
- ఇన్‌స్టంట్ నూడుల్స్ మసాలా, సూప్ పొడి, చికెన్ స్టాక్ క్యూబ్‌లు
- నగ్గెట్స్, సాసేజ్‌లు, మసాలా చిప్స్

"చికెన్ సూప్ కదా, బలం" అని జబ్బు పిల్లికి రెడీమేడ్ సూప్ పట్టించేవాళ్లున్నారు. ప్యాకెట్ వెనక చూడండి, దాదాపు అన్నిట్లోనూ ఉల్లిపొడి ఉంటుంది.

3. పిల్లి వాటా తీసే పద్ధతి

మొత్తం గైడ్‌లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది చాలు: చికెన్ కడిగిన వెంటనే, ఉప్పు కారం పేస్ట్ ఏదీ తగలకముందే పిల్లి వాటా పక్కకి తీయాలి. వండాక తీయడం అనేది లేదు.

క్రమం ఇలా:

1. ఎముక, తోలు, కొవ్వు లేని ముక్క 100 నుంచి 150 గ్రాములు వేరే గిన్నెలోకి తీయండి. పేస్ట్ కలిపిన చేత్తో తీయొద్దు.
2. మునిగేంత నీళ్లు మాత్రమే పోసి ఉడికించండి. ఉప్పు వద్దు, నూనె వద్దు, పోపు అసలే వద్దు.
3. లోపల గులాబీ రంగు పోయేదాకా ఉడకాలి. ముక్క చీల్చి చూడండి.
4. చల్లారాక వేళ్లతో పీచులుగా చేయండి. ఈ పని గరిటెతో చేయకండి, సన్న ఎముక ముక్క ఉంటే వేలికే తగులుతుంది.
5. ఉడికిన నీళ్లు పారబోయకండి. పిల్లికి తప్పనిసరిగా కావాల్సిన టౌరిన్ అనే పోషకం నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లే కొంచెం పోసి పెట్టండి.
6. మిగిలింది ఐస్ ట్రేలో నింపి ఫ్రీజర్‌లో పెట్టండి. రోజుకొక గడి. ఇదే "పిల్లి డబ్బా". నానమ్మకి చూపించాల్సింది దీన్నే.

ఎంత పెట్టాలి? ఇంట్లోనే తిరిగే 4 కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 కేలరీలు చాలు. పైతిండి అందులో పదో వంతు దాటకూడదు, అంటే 12 గ్రాముల ఉడికిన చికెన్, మీ బొటనవేలు పై కణుపు అంత. చూడ్డానికి చాలా తక్కువగా ఉంటుంది, నిజమే. మిగతా తొంభై శాతం పిల్లుల కోసమే చేసిన సమతుల ఆహారం ఉండాలి. వట్టి చికెన్ రోజూ పెడితే కాల్షియం ఉండదు, ఎముకలు బలహీనపడతాయి.

శాకాహారుల ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్న కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెరుగన్నం, పాలన్నం మాత్రమే తినే పిల్లికి టౌరిన్ అందదు, కొన్ని నెలల్లో కంటిచూపు, గుండె దెబ్బతినొచ్చు. కుక్క పెల్లెట్స్ పెట్టినా ఇదే ఇబ్బంది. మీరు మాంసం ముట్టుకోనక్కర్లేదు, పిల్లి ఫుడ్ ప్యాకెట్ కొనండి.

4. మంచిదనుకుని పెట్టేవి

పాలు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగదు. విరేచనాలవుతాయి, "వేడి చేసింది" అనుకుని ఇంకాస్త చల్లటి పాలు పోస్తాం. పెరుగులో లాక్టోజ్ తక్కువ, చెంచాడు నాకితే భయం లేదు, కానీ అవసరమూ లేదు. తల్లి లేని పిల్లి కూనలకి ఆవు పాలు సరిపోవు, పిల్లి కూనల కోసమే అమ్మే పాలపొడి ఉంటుంది.

ఎండుచేపలు, ఎండు రొయ్యలు. కోస్తాలో పిల్లి ఉన్న ప్రతి ఇంట్లో ఒక పొట్లం ఉంటుంది. ఎండుచేపలో ఉప్పు చాలా ఎక్కువ. మనం అన్నంలో కలుపుకుని తింటాం, పిల్లి వట్టిదే నమిలేస్తుంది, పైగా నీళ్లు తక్కువ తాగే జంతువు. నానబెట్టి ఉడికించినా ఉప్పు పూర్తిగా పోదు. నేనైతే పెట్టను.

పచ్చి చేప. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ని నాశనం చేసే పదార్థం ఉంటుంది. రోజూ తింటే పిల్లి మెడ కిందకి వాలిపోతుంది, తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ పదార్థం పోతుంది. ముళ్ల సంగతి వేరు: శీలావతి, బొచ్చెల్లో కండలోనే వై ఆకారంలో సన్న ముళ్లుంటాయి, మనకే గుచ్చుకుంటాయి. ఆవిరి మీద ఉడికించి ముళ్లన్నీ ఏరాకే పెట్టండి. ఆ ఓపిక లేకపోతే చేప మానేయండి. చికెన్ ఉంది కదా.

పచ్చి చికెన్, షాపువాడు ఊరికే ఇచ్చే పేగులు, తలకాయలు. క్రిములు, పురుగులు ఒక కారణం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా, ఆ వైరస్ పిల్లుల్ని కూడా చంపుతుంది. ఉడికించకుండా ఏ కోడి మాంసమూ వద్దు.

ఉడికిన ఎముకలు. ఉడికాక పెళుసెక్కి ముక్కలుగా విరుగుతాయి, గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. "పిల్లి కదా, నమిలేస్తుంది" అనకండి.

లివర్. పిల్లికి ప్రాణం. వారానికి ఒక చిన్న ముక్క పర్వాలేదు. రోజూ పెడితే విటమిన్ ఎ పేరుకుని మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పిల్లి తల తిప్పలేదు, ఒళ్లు నాక్కోలేదు.

గుడ్డు ఉడికించి కొంచెం పెట్టొచ్చు, పచ్చి తెల్లసొన వద్దు.

5. తక్కువగా ఎదురయ్యేవి, కానీ ఇంట్లో ఉంచే తీరు మారాల్సినవి

పిల్లికి తీపి రుచి తెలియదు, అందుకే చాక్లెట్ జోలికి పెద్దగా రాదు. కానీ దానికి కొవ్వు ఇష్టం. కేకు మీద క్రీమ్, ఐస్‌క్రీమ్, వెన్న కోసం నాకుతుంది, వాటితో పాటు చాక్లెట్ లోపలికి పోతుంది. డార్క్ చాక్లెట్, కోకో పొడి అన్నిటికంటే ప్రమాదం: గుండె దడ, వణుకు, ఫిట్స్. టీ, కాఫీ పొడి కూడా ఇదే కోవ.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల్లో కిడ్నీలు చెడగొడతాయి, దానికి టార్టారిక్ ఆమ్లం కారణమని అనుమానం. పిల్లుల విషయంలో ఆధారాలు తక్కువే, అయినా పాయసం గిన్నె నాకనివ్వకండి, అడుగున కిస్‌మిస్ ఉంటుంది. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది, చేపల పులుసు పెట్టకపోవడానికి ఇది రెండో కారణం.

మద్యం చుక్క కూడా వద్దు, పార్టీలో సరదాకి గ్లాసు మూతికి పెట్టే స్నేహితుణ్ని బయటికి పంపండి. ఈస్ట్ కలిపిన పచ్చి పిండి పొట్టలో పొంగుతుంది, ఆల్కహాల్ కూడా తయారవుతుంది, మూతపెట్టి ఉంచండి.

తిండి కాకపోయినా ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. పిల్లి ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ అరముక్క పాలల్లో కలిపి పట్టిస్తారు. పిల్లి కాలేయానికి దాన్ని విరిచి బయటికి పంపే శక్తి లేదు. మనం వేసుకునే 500 ఎంజీ మాత్ర ఒక్కటి పిల్లిని చంపేయగలదు. పిల్లల సిరప్ కూడా అంతే.

6. సింక్, డస్ట్‌బిన్, ఆదివారం రాత్రి

చాలా కేసులు మనం పెట్టింది తిని కాదు, మనం వదిలేసింది తిని. రాత్రి పడుకునే ముందు ఒక చుట్టు చూడండి:

- కూర గిన్నెలకి మూతలు, వీలైతే ఫ్రిజ్‌లో
- ఎంగిలి కంచాలు కడిగి, లేదా కనీసం నీళ్లు పోసి
- డస్ట్‌బిన్‌కి కాలితో నొక్కే మూత, లేదా బాల్కనీలో తలుపేసి
- చికెన్ తెచ్చిన నల్ల కవర్ కడిగి ముడేసి పడేయడం (రక్తం వాసనకి కవర్‌నే నమిలి మింగేస్తాయి)
- పార్సిల్‌కి కట్టిన దారం, సిల్వర్ ఫాయిల్ డస్ట్‌బిన్ లోపల పడేయడం
- మాత్రల స్ట్రిప్ డ్రాయర్‌లో

దారం గురించి ఒక్కమాట: మింగిన దారం కొస నోట్లోంచో వెనకనుంచో వేలాడుతుంటే లాగొద్దు. లోపల పేగు కోసుకుపోతుంది. అలాగే ఉంచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

చుట్టాలు వచ్చిన రోజు పిల్లిని ఒక గదిలో దాని గిన్నె, నీళ్లు, లిట్టర్‌తో సహా పెట్టేయడం నయం. ఇరవైమందికి ఇరవైసార్లు చెప్పలేం.

7. తినేసింది. ఇప్పుడేం చేయాలి

లక్షణాల కోసం ఎదురుచూడకండి. డాక్టర్ వాంతి చేయించడం లాంటి చికిత్సలు తిన్న మొదటి గంటా రెండు గంటల్లోనే బాగా పనికొస్తాయి.

1. మిగిలింది తీసేయండి. నోట్లో కనిపిస్తుంటే మెల్లగా తీయండి, వేలు లోపలికి పోనివ్వకండి.
2. టైమ్ రాసుకోండి. ఏం తింది, సుమారు ఎంత. ప్యాకెట్ ఉంటే దాచండి, కూరైతే ఉల్లి వెల్లుల్లి ఎంత వేశారో వండినవాళ్లని అడగండి.
3. పెట్ క్లినిక్‌కి ఫోన్ చేయండి. బరువు, వయసు, తిన్నది, టైమ్, ఇప్పుడెలా ఉంది: ఈ వరసలో చెప్పండి.
4. వాంతి చేసుకుంటే ఫొటో తీయండి, కొంచెం కవర్‌లో పట్టండి. వణుకుతుంటే, తూలుతుంటే పది సెకన్ల వీడియో.
5. టవల్‌లో చుట్టి క్యారియర్‌లోనో, గాలి ఆడే మూత బుట్టలోనో పెట్టండి. బండి మీద ఒళ్లో పెట్టుకుని వెళ్లొద్దు, హారన్‌కి దూకేస్తుంది.

క్లినిక్ నంబర్ ఆ రోజు వెతుక్కోవద్దు, రాత్రి తెరిచి ఉండేది ఏదో ముందే కనుక్కుని సేవ్ చేసుకోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రుల్లో పిల్లుల్ని కూడా చూస్తారు, వేళలు ముందే అడిగి ఉంచుకోండి. 1962 ఫోన్ నంబర్ ప్రధానంగా పాడి పశువుల కోసం నడిచే సంచార సేవ, విషం తిన్న పిల్లికి దాని కోసం ఆగకండి. అమెరికాలో ఉన్నవాళ్లకి ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ నడిపే విష నియంత్రణ కేంద్రం 888-426-4435 రాత్రీ పగలూ పలుకుతుంది, ఫీజు ఉండొచ్చు.

చేయకూడనివి, ఎవరు చెప్పినా:

- ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం. ఉప్పే విషమవుతుంది.
- హైడ్రోజన్ పెరాక్సైడ్. కుక్కలకి డాక్టర్ చెప్పి వాడిస్తారేమో, పిల్లికి పొట్ట లోపల పుండ్లు పడతాయి.
- పాలు, మజ్జిగ, కొబ్బరినూనె "విరుగుడు"గా పోయడం. బలవంతంగా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
- కట్టెబొగ్గు నూరి పట్టించడం. డాక్టర్ వాడేది వేరే బొగ్గు.

చిగుళ్లు తెల్లగా, పసుపుగా లేదా గోధుమ రంగులోకి మారినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, కదలకుండా కూర్చున్నప్పుడు శ్వాస 40 దాటినా ఫోన్ కూడా వద్దు, నేరుగా బయల్దేరండి.

8. ఇంటికొచ్చాక ఐదు రోజులు

ఉల్లి, వెల్లుల్లి తిన్న పిల్లి మొదటి రోజు మామూలుగానే ఉంటుంది. రక్తకణాలు పగలడానికి టైమ్ పడుతుంది, అసలు దెబ్బ చాలాసార్లు మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య బయటపడుతుంది. కాబట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి:

- చిగుళ్లు, మీ ఫోన్‌లో ఉన్న పాత ఫొటో పక్కన పెట్టి
- లిట్టర్‌లో మూత్రం రంగు (తెల్ల టిష్యూ అద్ది చూస్తే తెలుస్తుంది)
- నిద్రలో శ్వాస లెక్క
- తిన్నదా లేదా. పూర్తిగా 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టర్‌కి చెప్పండి, తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది.

డాక్టర్ మూడో రోజు మళ్లీ రక్తపరీక్షకి రమ్మంటే వెళ్లండి, పిల్లి ఆడుతోంది కదా అని మానేయకండి. మా వాడు కూడా సోమవారం ఫ్రిజ్ ఎక్కి దూకినవాడే.